మార్కెట్‌ప్లేస్ ప్లాన్‌తో పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లగలమా? కొనేముందు, కొన్నాక చేయాల్సిన పనులు

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో క్యాన్సర్ అనే మాట వినపడితే, ఆ వెంటనే వచ్చేది ఆస్పత్రి పేరు. హ్యూస్టన్ వాళ్లు ఎండీ యాండర్సన్ అంటారు. న్యూజెర్సీ వాళ్లు నది దాటి మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌కి వెళ్దామంటారు. బోస్టన్‌లో డానా ఫార్బర్, టాంపాలో మాఫిట్, లాస్ ఏంజెలెస్ వైపు సిటీ ఆఫ్ హోప్. పెద్ద కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ తలుపులు తెరిచే ఉంటాయి. లేఆఫ్ అయినవాళ్లు, సొంతంగా కన్సల్టింగ్ చేసుకునేవాళ్లు, గ్రీన్ కార్డు మీద అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్లు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే మనందరం ఒబామాకేర్ అని పిలిచే చోట, ప్లాన్ కొంటారు. చిక్కంతా వాళ్లకే.

మా అన్నయ్యకి కాంట్రాక్టు ఉద్యోగం పోయాక మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకున్నాడు. రెండు నెలలకి వదినకి రొమ్ములో గడ్డ కనిపించింది. ఊళ్లో పేరున్న క్యాన్సర్ ఆస్పత్రి వెబ్‌సైట్‌లో మా ఇన్సూరెన్స్ కంపెనీ పేరు స్పష్టంగా ఉంది. ఫోన్ చేస్తే ‘తీసుకుంటాం’ అన్నారు. అపాయింట్‌మెంట్‌కి రెండు రోజుల ముందు కార్డు ఫొటో పంపమన్నారు, పంపాం. ‘కంపెనీ అదే, కానీ ఈ ప్లాన్ మా దగ్గర చెల్లదు’ అన్నారు. ఇంకో ఆస్పత్రి వెతుక్కుని, రిఫరల్ తెచ్చుకుని, మొదటి డాక్టర్ని చూసేసరికి మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాల టెన్షన్ ఇంకో ఇంట్లో ఎవరూ పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు జవాబు

క్యాన్సర్ చికిత్స కవర్ అవుతుంది. మీకు కావాల్సిన ఆస్పత్రి కవర్ అవుతుందన్న హామీ మాత్రం లేదు. ఈ రెండూ వేరని అర్థమైతే మిగతా దారి తేలిక.

2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం మార్కెట్‌ప్లేస్ ప్లాన్ ఏదైనా, అంతకుముందే జబ్బు ఉందని మిమ్మల్ని కాదనకూడదు, ఎక్కువ ప్రీమియం అడగకూడదు. ఆస్పత్రి, డాక్టర్లు, పరీక్షలు, మందులతో సహా 10 రకాల తప్పనిసరి సేవలుండాలి. వాటి మీద ఏడాదికి ఇంతే, జీవితకాలానికి ఇంతే అన్న పరిమితి పెట్టకూడదు. ఇండియాలో ఐదు లక్షల పాలసీ, పది లక్షల పాలసీ అని లెక్క వేసుకునే అలవాటు ఉన్నవాళ్లం కాబట్టి ఈ మాట మళ్లీ చెబుతున్నాను: నెట్‌వర్క్ లోపల, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల్లో, చేసే చికిత్సకి పై హద్దు లేదు.

అయితే ఏ ఆస్పత్రితో ఒప్పందం చేసుకోవాలన్నది ఇన్సూరెన్స్ కంపెనీ ఇష్టం. ప్రతి ప్రాంతంలో తగినంతమంది డాక్టర్లు, ఆస్పత్రులు అందుబాటులో ఉండాలన్న నిబంధనలున్నాయి. ఫలానా క్యాన్సర్ సెంటర్ ఉండి తీరాలని మాత్రం వాటిలో లేదు. జబ్బున్నవాళ్లని కాదనడం చట్టం మాన్పించింది కనుక, కంపెనీలు ప్రీమియం తగ్గించడానికి పట్టుకున్న దారి ఇరుకైన నెట్‌వర్క్. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల రేట్లు ఎక్కువ. పైగా అవి నెట్‌వర్క్‌లో ఉంటే ఎక్కువ ఖర్చయ్యే రోగులు ఆ ప్లాన్‌నే ఎంచుకుంటారు. కంపెనీ వైపు నుంచి చూస్తే వాటిని వదిలేయడమే లాభం.

ఇది మొదటి ఏడాది నుంచే ఉంది. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ అడిగితే జవాబిచ్చిన 19 ప్రముఖ క్యాన్సర్ సెంటర్లలో నాలుగే తమ రాష్ట్ర మార్కెట్‌ప్లేస్‌లోని అన్ని కంపెనీల రోగుల్నీ చూడగలమన్నాయి. టెక్సస్‌లో బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ 2015 తర్వాత వ్యక్తిగత పీపీఓ ప్లాన్లని, అంటే నెట్‌వర్క్ బయట కూడా కొంత కట్టేవాటిని, పూర్తిగా ఆపేసింది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ మనవాళ్లు ‘ఒకప్పుడు ఇదే కంపెనీతో వెళ్లాం కదా’ అంటుంటారు. వాళ్లు వెళ్లింది నిజమే, ఆ ప్లాన్ ఇప్పుడు లేదు.

మొదటి పని: అది నిజంగా మార్కెట్‌ప్లేస్ ప్లానేనా చూసుకోండి

గూగుల్‌లో ఒబామాకేర్ అని కొట్టి, కనిపించిన ఫారంలో ఫోన్ నంబర్ ఇస్తే ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. వాళ్లు అమ్మేవాటిలో షార్ట్ టర్మ్ ప్లాన్లు, ఫిక్స్‌డ్ ఇండెమ్నిటీ ప్లాన్లు, హెల్త్ షేరింగ్ పథకాలు కూడా ఉంటాయి. వాటికి పైన చెప్పిన రక్షణ వర్తించదు. పాత జబ్బు అని క్యాన్సర్ బిల్లు మొత్తం తోసిపుచ్చవచ్చు. హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో మొదలుపెట్టండి. మీ రాష్ట్రానికి సొంత మార్కెట్‌ప్లేస్ ఉంటే అదే మిమ్మల్ని అక్కడికి పంపుతుంది: కాలిఫోర్నియాకి కవర్డ్ కాలిఫోర్నియా, న్యూజెర్సీకి గెట్ కవర్డ్ న్యూజెర్సీ, పెన్సిల్వేనియాకి పెన్నీ, జార్జియాకి జార్జియా యాక్సెస్. టెక్సస్, ఫ్లోరిడా, నార్త్ కరోలినా వాళ్లు హెల్త్‌కేర్ డాట్ గవ్‌లోనే కొనాలి.

రెండో పని: ఏ ఆస్పత్రి కావాలో ముందు రాసుకోండి

చాలామంది ప్లాన్ కొన్నాక ఆస్పత్రి వెతుకుతారు. తలకిందులు చేయండి. నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, అంటే ఎన్‌సీఐ, గుర్తింపు ఇచ్చిన సెంటర్లు దేశంలో 70కి పైగా ఉన్నాయి. ఆ జాబితా దాని వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో మీ ఇంటికి దగ్గరలో ఉన్నవి రెండో మూడో రాసుకోండి. పేరు మోసినవి నాలుగే మనకి తెలుసు. డాలస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్ వారి సిమన్స్ సెంటర్, అట్లాంటాలో ఎమరీ వారి విన్‌షిప్, ఫిలడెల్ఫియాలో ఫాక్స్ చేజ్, సెయింట్ లూయిస్‌లో సైట్‌మన్, సియాటెల్‌లో ఫ్రెడ్ హచ్ కూడా ఆ జాబితాలోవే. యూనివర్సిటీ ఆస్పత్రుల్లో భాగంగా ఉండే సెంటర్లనీ వదలకుండా అడగండి. ఒక పేరు దగ్గర తలుపు మూసుకుంటే పక్క పేరు దగ్గర తెరిచి ఉండొచ్చు.

మూడో పని: ప్లాన్ రకమూ, నెట్‌వర్క్ పేరూ పట్టుకోండి

బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అన్నవి ఖర్చు ఎలా పంచుకుంటారో చెప్పే మాటలు. గోల్డ్ తీసుకుంటే మంచి ఆస్పత్రి వస్తుందనుకోవడం పొరపాటు. ఒకే కంపెనీ గోల్డ్‌కీ బ్రాంజ్‌కీ ఒకే ఇరుకు నెట్‌వర్క్ ఉండొచ్చు.

చూడాల్సింది పేరు చివర ఉండే మూడు అక్షరాలు. హెచ్‌ఎమ్‌ఓ అయితే సాధారణంగా ఫ్యామిలీ డాక్టర్ రిఫరల్ కావాలి, ఎమర్జెన్సీ తప్ప నెట్‌వర్క్ బయట ఏమీ రాదు. ఈపీఓ అయితే చాలావాటికి రిఫరల్ అక్కర్లేదు, బయట మాత్రం ఇక్కడా ఏమీ రాదు. పీపీఓ అయితే బయటికి వెళ్లినా కొంత ఇస్తుంది. మార్కెట్‌ప్లేస్‌లో పీపీఓలు చాలా ప్రాంతాల్లో అరుదు, కనిపించినా ప్రీమియం ఎక్కువ. పీపీఓ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. బయట ఆస్పత్రిలో అయ్యే ఖర్చులో మీ జేబు నుంచి పోయే వాటాకి ఏడాది గరిష్ఠ పరిమితి వేరుగా ఉంటుంది, కొన్నిటికి పరిమితే ఉండదు.

ఆ తర్వాత నెట్‌వర్క్ పేరు. మా అన్నయ్య ఇల్లు దెబ్బతిన్నది ఇక్కడే. టెక్సస్‌లో బ్లూ క్రాస్‌నే తీసుకోండి: కంపెనీల ఉద్యోగులకి అమ్మే బ్లూ చాయిస్ పీపీఓ వేరు, వ్యక్తులకి అమ్మే బ్లూ అడ్వాంటేజ్ హెచ్‌ఎమ్‌ఓ వేరు, మైబ్లూ హెల్త్ వేరు. కార్డు మీద లోగో ఒకటే, తెరుచుకునే తలుపులు వేరు. ప్లాన్ వివరాల పేజీలో నెట్‌వర్క్ పేరూ, 14 అక్షరాల ప్లాన్ ఐడీ ఉంటాయి. రెండూ కాగితం మీద రాసుకోండి. ఇకమీదట ఎవరితో మాట్లాడినా ఆ రెండే చెప్పాలి.

నాలుగో పని: మూడు చోట్ల కనుక్కోండి

ఇదే అన్నిటికంటే ముఖ్యం. గంటన్నర పడుతుంది, కాఫీ పెట్టుకుని కూర్చోండి.

ముందు మార్కెట్‌ప్లేస్ సైట్‌లో ప్లాన్లు పోల్చే చోట డాక్టర్ పేరూ ఆస్పత్రి పేరూ ఇచ్చి చూడండి. ఇది జల్లెడ మాత్రమే. ఆ వివరాలు పాతవై ఉండొచ్చు.

తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. ప్లాన్ ఐడీ చెప్పి, ‘ఫలానా చిరునామాలోని ఫలానా ఆస్పత్రి ఈ ప్లాన్‌కి వచ్చే జనవరి నుంచి ఇన్‌నెట్‌వర్కేనా’ అని అడగండి. చిరునామా ఎందుకంటే పెద్ద ఆస్పత్రుల శాఖలన్నిటికీ ఒకే ఒప్పందం ఉండాలని లేదు. ప్లాన్‌లో టియర్లు, అంటే ఆస్పత్రుల్ని అంచెలుగా విడదీయడం, ఉన్నాయా, ఉంటే ఈ ఆస్పత్రి మొదటి టియరా రెండోదా అనీ అడగండి. రెండో టియర్ అయితే మీ వాటా బాగా పెరుగుతుంది. మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. వీలైతే అదే విషయం మెసేజ్ రూపంలో కూడా తీసుకోండి.

మూడోది ఆస్పత్రి. అపాయింట్‌మెంట్ ఇచ్చేవాళ్లని కాదు, ఫైనాన్షియల్ కౌన్సెలర్‌నో, ఇన్సూరెన్స్ చూసే విభాగాన్నో అడగండి. ఇక్కడ మాట జాగ్రత్త. ‘మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా’ అని అడగొద్దు. తీసుకుంటాం అంటే బిల్లు ఆ కంపెనీకి పంపుతాం అనే అర్థం కూడా ఉంది. కంపెనీ కట్టనిది మీ మీద పడుతుంది. ‘ఈ నెట్‌వర్క్‌తో మీకు ఒప్పందం ఉందా? వచ్చే ఏడాదికీ ఉంటుందా? మీ దగ్గర పనిచేసే ఆంకాలజిస్టులు (క్యాన్సర్ డాక్టర్లు) కూడా ఇదే ఒప్పందం కిందికి వస్తారా?’ అని అడగండి. ఆస్పత్రీ డాక్టరూ వేర్వేరుగా బిల్లు పంపడం ఇక్కడ మామూలే. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ వల్ల, ఇన్‌నెట్‌వర్క్ ఆస్పత్రిలో మీకు తెలియకుండా బయటి అనస్తీషియా డాక్టరో పాథాలజిస్టో చూస్తే ఎక్కువ బిల్లు వేయకూడదు. మీరే కోరి ఎంచుకున్న బయటి స్పెషలిస్టు విషయంలో, మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ రక్షణ పోవచ్చు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం చదవండి.

కంపెనీ అవునంటే, ఆస్పత్రి కాదంటే? ఆస్పత్రి మాటనే నమ్మండి. మిమ్మల్ని గుమ్మం దగ్గర ఆపేది వాళ్లే.

అమ్మానాన్నలు స్వయంగా మాట్లాడాలంటే మార్కెట్‌ప్లేస్ కాల్ సెంటర్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. డబ్బు తీసుకోరు. ఆస్పత్రిలో కూడా అంతే. డాక్టర్ చెప్పేది పిల్లలు మెత్తబరచి అనువదించే బదులు ఇంటర్‌ప్రెటర్ ద్వారా పెద్దవాళ్లు నేరుగా వినడం వాళ్ల హక్కు.

ఐదో పని: డబ్బు లెక్క

ఇంట్లో క్యాన్సర్ ఉందని తెలిసే ప్లాన్ కొంటుంటే డిడక్టిబుల్ గురించి, అంటే కంపెనీ కట్టడం మొదలుపెట్టేముందు మీరు కట్టాల్సిన మొత్తం గురించి, ఎక్కువ ఆలోచించొద్దు. కీమో, స్కాన్లు, ఆపరేషన్ మొదలైతే ఏడాది గరిష్ఠ పరిమితి, అంటే ఔట్ ఆఫ్ పాకెట్ మ్యాగ్జిమమ్, ఎలాగూ చేరతారు. చట్టం అనుమతించే పై హద్దు 2025లో ఒక మనిషికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400. 2026కి అది 10,600, 21,200. కాబట్టి 12 నెలల ప్రీమియం, దానికి ఈ గరిష్ఠ పరిమితి కలిపి ప్లాన్లని పోల్చండి. చౌక బ్రాంజ్ కొన్నిసార్లు ఈ లెక్కలో ముందుకొస్తుంది, కొన్నిసార్లు గోల్డ్ వస్తుంది. ఆదాయం తక్కువైతే సిల్వర్‌లో అదనపు రాయితీ ఉంటుంది, అది చూడకుండా బ్రాంజ్ తీసుకోవద్దు.

ఈ లెక్క ప్రతి జనవరికి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నవంబర్‌లో జబ్బు బయటపడితే రెండు నెలల్లో రెండు ఏడాదుల పరిమితులు కట్టాల్సి రావచ్చు. ఏడాది మధ్యలో ప్లాన్ మారినా అప్పటిదాకా కట్టింది సాధారణంగా లెక్కలోకి రాదు.

ప్రీమియం కట్టడానికి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ విషయానికొస్తే, 2021లో పెంచిన అదనపు సాయం 2025 చివరితో ముగిసింది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసాల వాళ్లకి సబ్సిడీ ఉండదు, పూర్తి ధరకి కొనుక్కోవచ్చు. ఆదాయం సబ్సిడీ నిబంధనలకి సరిపోయే గ్రీన్ కార్డు వాళ్లకి కొనసాగుతుంది.

ఉద్యోగం పోయిందా? ముందు కోబ్రా చూడండి

20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలో పని పోతే, అదే ఇన్సూరెన్స్‌ని సాధారణంగా 18 నెలలదాకా కొనసాగించుకోవచ్చు, దీన్నే కోబ్రా అంటారు. కంపెనీ వాటాతో కలిపి మొత్తం ప్రీమియం, దాని మీద 2 శాతం మీరే కట్టాలి. ఆ అంకె చూసి చాలామంది వెంటనే కాదంటారు. ఇంట్లో ఎవరికైనా చికిత్స నడుస్తుంటే తొందరపడొద్దు. అదే ఆస్పత్రి, అదే డాక్టర్, అప్పటికే కట్టిన డిడక్టిబుల్ అన్నీ అలాగే ఉంటాయి. నెలకి రెండు వేల డాలర్లు కట్టినా ఒక్క నెట్‌వర్క్ బయటి ఆపరేషన్ ముందు అది చిన్న మొత్తమే.

నిర్ణయానికి 60 రోజులుంటాయి, తీసుకుంటే కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికీ కవరేజీ పోయాక 60 రోజులే. హెచ్‌1బీ గ్రేస్ పీరియడ్ కూడా 60 రోజులదాకానే. మూడు గడువులూ ఒకే రోజున మొదలవ్వవు: వీసాది చివరి పనిదినం నుంచి, మార్కెట్‌ప్లేస్‌ది కవరేజీ పోయిన రోజు నుంచి, అది చాలా కంపెనీల్లో నెలాఖరు. కోబ్రాది కవరేజీ పోయిన రోజు, నోటీసు అందిన రోజు, ఈ రెండిటిలో ఏది ఆలస్యమైతే దాన్నుంచి. క్యాలెండర్‌లో మూడూ వేర్వేరుగా గుర్తు పెట్టుకోండి. కోబ్రాని మధ్యలో మీ అంతట మీరే మానేస్తే సాధారణంగా తర్వాతి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ప్లాన్లు ఎంచుకునే కాలం) దాకా మార్కెట్‌ప్లేస్‌లోకి రాలేరు.

అమ్మానాన్నల విషయం

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి మార్కెట్‌ప్లేస్ కాదు. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకి దాదాపు ఏమీ ఇవ్వదు. గ్రీన్ కార్డు మీద వచ్చిన 65 దాటినవాళ్లు ఇక్కడ ఐదేళ్లు వరుసగా ఉన్నాక మెడికేర్ కొనుక్కోగలరు. అప్పటిదాకా ఉన్న దారి మార్కెట్‌ప్లేసే. వచ్చిన 60 రోజుల్లో చేరాలి. ఇండియాలోనే క్యాన్సర్ బయటపడినా కాదనలేరు.

అక్కడే బయాప్సీ అయి ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేసిన ఆస్పత్రి నుంచి స్లైడ్లూ పారాఫిన్ బ్లాకులూ (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు) అడిగి తెప్పించుకోండి. ఇక్కడి ఆస్పత్రి వాటిని మళ్లీ చదువుతుంది.

ప్లాన్ కొనేశారు, కావాల్సిన ఆస్పత్రి అందులో లేదు. ఇప్పుడు?

దారులు మూసుకోలేదు.

మొదటిది సెకండ్ ఒపీనియన్. క్యాన్సర్‌లో పెద్ద ఆస్పత్రి నైపుణ్యం ఎక్కువగా కావాల్సింది రెండు చోట్ల: జబ్బు ఏ రకమో సరిగ్గా తేల్చడంలో, చికిత్స ఏ వరుసలో చేయాలో నిర్ణయించడంలో. కీమో సీసా ఎక్కించడం ఇంటి దగ్గరి ఇన్‌నెట్‌వర్క్ సెంటర్‌లో జరగొచ్చు. స్లైడ్లు పంపించి, ఒక్కసారి సొంత డబ్బుతో పెద్ద ఆస్పత్రి అభిప్రాయం తీసుకుని, దాన్ని స్థానిక ఆంకాలజిస్టుకి ఇవ్వండి. కొన్ని పెద్ద సెంటర్లు ఆన్‌లైన్‌లోనే ఇస్తాయి. ధర ముందే అడగండి. మా వదిన చికిత్స ఇలాగే నడిచింది. స్థానిక డాక్టర్ చిన్నబుచ్చుకుంటారేమో అని మేం భయపడ్డాం. ఆయనే స్లైడ్లు పంపించి పెట్టారు.

రెండోది గ్యాప్ ఎక్సెప్షన్. మీకు కావాల్సిన చికిత్స చేయగలవాళ్లు నెట్‌వర్క్‌లో అందుబాటు దూరంలో లేకపోతే, బయటి ఆస్పత్రిని నెట్‌వర్క్ ధరకే ఒప్పుకోమని కంపెనీని అడగొచ్చు. ‘అది దేశంలోనే గొప్ప ఆస్పత్రి’ అని రాస్తే ఒప్పుకోరు. ‘ఇది అరుదైన సార్కోమా, నెట్‌వర్క్‌లోని ఈ మూడు ఆస్పత్రులూ దీన్ని చేయడం లేదు’ అని మీ ఆంకాలజిస్టు లేఖ రాయాలి. ఆ మూడు ఆస్పత్రులకి మీరే ఫోన్ చేసి, ఎవరు ఏమన్నారో తేదీతో జత చేయండి. ఎముక మజ్జ మార్పిడి, కార్-టీ (రోగి రక్షణ కణాలనే మార్చి ఎక్కించే చికిత్స) వంటి కొన్ని చోట్లే చేసే చికిత్సలకి ఈ దారి పనికొచ్చే అవకాశం ఎక్కువ. ఒప్పుకుంటే, ఆస్పత్రికీ కంపెనీకీ మధ్య సింగిల్ కేస్ అగ్రిమెంట్, అంటే మీ ఒక్కరి చికిత్సకే చేసుకునే ఒప్పందం, కుదిరిందని రాతలో చూశాకే వెళ్లండి. లేకపోతే మిగతా బిల్లు మీ ఇంటికి రావచ్చు.

మూడోది అప్పీల్. కాదన్న ఉత్తరం వస్తే ముందు మీ డాక్టర్ని కంపెనీ డాక్టర్‌తో నేరుగా మాట్లాడమనండి, దీన్నే పీర్ టు పీర్ అంటారు. అక్కడ తేలకపోతే 180 రోజుల్లో కంపెనీ దగ్గరే ఇంటర్నల్ అప్పీల్ వేయొచ్చు. ఇంకా మొదలుకాని చికిత్సకి 30 రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో జవాబివ్వాలి. అత్యవసరం అన్న మాట డాక్టర్ లేఖలో ఉండేలా చూసుకోండి. అక్కడా కాదంటే, వైద్యపరమైన తీర్పుతో ముడిపడిన విషయాల్లో నాలుగు నెలల్లోపు ఎక్స్‌టర్నల్ రివ్యూ కోరవచ్చు. తీర్పు చెప్పేది బయటివాళ్లు, కంపెనీ దానికి కట్టుబడాలి. హెల్త్‌కేర్ డాట్ గవ్ ప్లాన్లలో 2023లో కాదన్న క్లెయిముల్లో అప్పీల్ దాకా వెళ్లినవి ఒక శాతం కూడా లేవని ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ లెక్క తేల్చింది. వెళ్లినవాటిలో 44 శాతం క్లెయిముల విషయంలో కంపెనీలు మనసు మార్చుకున్నాయి. ఇంత తేడా ఉన్నప్పుడు అడక్కుండా వదిలేయడం నాకైతే బాధగా ఉంటుంది.

క్లినికల్ ట్రయల్‌లో చేరితే మామూలు ఖర్చులు, అంటే డాక్టర్ విజిట్లు, రక్తపరీక్షలు, ఆస్పత్రి రోజులు, ప్లాన్ భరించాలని చట్టం చెబుతుంది. నెట్‌వర్క్ బయట ఏమీ ఇవ్వని ప్లాన్ మాత్రం బయటి ఆస్పత్రి ట్రయల్‌కి కట్టనవసరం లేదు.

ఏటా మళ్లీ

ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ నవంబర్ 1న మొదలవుతుంది. జనవరి 1 నుంచి కవరేజీ కావాలంటే హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో డిసెంబర్ 15లోపు ఎంచుకోవాలి. పాత ప్లాన్ దానంతటదే రెన్యూ అవుతుంది కదా అని వదిలేయకండి. ప్లాన్ పేరు అలాగే ఉండి నెట్‌వర్క్ మారిపోవచ్చు. నాలుగో పనిలో చెప్పిన మూడు చోట్లా ప్రతి నవంబర్‌లో మళ్లీ కనుక్కోండి.

చికిత్స మధ్యలో మీ ఆస్పత్రికీ కంపెనీకీ ఒప్పందం తెగిపోతే, కంటిన్యుటీ ఆఫ్ కేర్ కింద 90 రోజులదాకా పాత ధరకే అక్కడే కొనసాగే హక్కు ఉంది. అది అడిగినవాళ్లకే దొరుకుతుంది. ఉత్తరం అందిన రోజే కంపెనీకి ఫోన్ చేసి ఆ ఫారం పంపమనండి.